పరుగు పిట్టల ఒడ్డు

మేడ మీద గది,
చలి తగ్గుముఖం పట్టిన రోజులు

వదినా,

నా బల్ల మీద ఇవాళ నలుగురి నవ్వులు ఆరుతున్నాయి. మూడు జతల కట్టుడు పళ్లు బాగానే కుదిరాయి. నాలుగో జత ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారిది. ఆయన వచ్చి, "మరీ ఇంత తెల్లగా చేశావేంటమ్మాయ్, ఈ వయసులో ఇలాంటి పళ్లతో తిరిగితే జనం నవ్వరూ? కాస్త టీ తాగిన రంగు కలుపు" అన్నారు. నిజం పళ్లలా కనబడాలంటే వాటిని కొంచెం పాడు చెయ్యాలన్నమాట. రోజంతా అదే పని. ఇంటికొచ్చి నీకు చెప్పి నవ్వుదామని వంటింట్లోకి వెళ్తే నువ్వు లేవు. ఏడాది దాటింది, నాకింకా ఈ అలవాటు పోలేదు.

అసలు సంగతి ఏంటంటే, సెలవు దొరికింది. మా పళ్ల ల్యాబ్ డాక్టరు ఊరికే ఇవ్వలేదు, కూపీ లాగి మరీ ఇచ్చాడు. "ఏటా ఆ ఒడ్డుకే ఎందుకు వెళ్తారు?" అన్నాడు. మా వదినతో ఈతకి వెళ్తానన్నాను. "మీ అన్నావదినలు విడిపోయారు కదా?" అన్నాడు. విడిపోయింది వాళ్లిద్దరూ, నేను కాదు అన్నాను. సంతకం పెట్టేశాడు.

కాబట్టి ఎప్పుడు రమ్మంటావో రాయి. నువ్వు ఒంటి పెట్టెతో ఇల్లు వదిలి, మనం ఏటా వెళ్లే ఆ ఒడ్డునే పక్షుల కాపలా ఉద్యోగంలో చేరావని తెలిసినప్పుడు నాకు ఎంత ధైర్యంగా అనిపించిందో. ఎక్కడికో కాకుండా మన చోటికే వెళ్లావు. ఫోన్ చెయ్యొద్దన్నావు, చెయ్యడం లేదు. సిగ్నల్ కోసం దిబ్బ ఎక్కాలన్నది నీ సాకు. నా గొంతు వింటే ఏడుస్తావు, ఉత్తరమైతే ఏడ్చి, ముక్కు చీదుకుని, తీరిగ్గా రాసుకోవచ్చు. నీ సంగతి నాకు తెలియదా!

అన్నయ్య బాగానే ఉన్నాడు. పార్సెల్ ఆఫీసు నుంచి వస్తాడు, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు, పడుకుంటాడు. ఈమధ్య కొంచెం ఆలస్యంగా వస్తున్నాడు. నువ్వెక్కడున్నావో చెప్పలేదు. నీకిచ్చిన మాట మాటే. తనూ అడగలేదు.

ఈత బట్టలు ఉతికి పెట్టుకున్నాను. సబ్బు వాసన కింద ఇంకా ఉప్పు వాసన ఉన్నట్టే ఉంది.

నీ మరదలు

*

కాపలా గది, సముద్రం ఒడ్డు

పళ్ల డాక్టరమ్మకి,

నీ ఉత్తరం గురువారం వ్యాన్‌లో వచ్చింది. ఇక్కడికి మనుషులు రావాలన్నా, ఉత్తరాలు రావాలన్నా, ఉల్లిపాయలు రావాలన్నా వారానికోసారి వచ్చే ఆ వ్యానే దిక్కు. అదే వ్యాన్ మర్నాడు మధ్యాహ్నం వెనక్కి వెళ్తూ మేం రాసినవి పట్టుకెళ్తుంది. ఒక్కరాత్రిలో జవాబు రాయాలి. అందుకని అక్షరాలు కోడి గీకినట్టు ఉంటే అడ్జస్ట్ అవ్వు.

నా ఉద్యోగం గురించి సరిగ్గా చెప్పనేలేదు కదా. నీకు మన పరుగు పిట్టలు గుర్తే. అల వెనక్కి వెళ్తుంటే దాని వెంటపడి, అల ముందుకొస్తుంటే గోచీ సర్దుకుని పారిపోయేవి. అవి గూడు కట్టవు. పొడి ఇసకలో మడమతో నొక్కినంత గుంట చేసి అందులో గుడ్లు పెట్టేస్తాయి. గుడ్డు రంగూ ఇసక రంగూ ఒకటే. నేను పొద్దున్నే తడి ఇసక మీద నడుస్తూ గుంటలెక్కడున్నాయో చూసి, చుట్టూ కర్రలు పాతి తాడు కడతాను. కుక్కల్ని అదిలిస్తాను. దగ్గరికి వెళ్లాల్సొస్తే, వచ్చేటప్పుడు ఒక కొమ్మని వెనక ఈడ్చుకుంటూ నా అడుగులు నేనే చెరిపేసుకుంటూ రావాలి. మనిషి అడుగులు పట్టుకుని నక్కలు గుడ్ల దాకా వచ్చేస్తాయట. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు గదిలో నడిచినా వెనక్కి తిరిగి చూసుకుంటున్నాను.

నిన్న నీళ్లలో మన నల్లరాయి అవతల డాల్ఫిన్లు వచ్చాయి. ఒక పిల్ల తల్లికి అంటుకుపోయి, తల్లి ఎగిరినప్పుడే ఎగురుతోంది. చాలాసేపు చూశాను. నేను రోజూ నల్లరాయి దాకా ఈదుతున్నాను, ఒంట్లో కొవ్వంతా కరిగింది.

నువ్వు రావడం గురించి. ఈ ఏడు వద్దులే. ఇది గుడ్ల కాలం, జనం తిరిగితే మా ఆఫీసరు ఊరుకోడు. మనం దిగే లాడ్జి మరమ్మతుల్లో ఉంది, పైకప్పు విప్పేశారు. నీళ్లలో జెల్లీ చేపలు పడ్డాయి, ఒంటికి తగిలితే మంటలే. వచ్చే ఏడు చూద్దాం. ఆ సెలవుతో ఇంకెక్కడికైనా వెళ్లిరా, కొత్త చోట్లు చూడు.

వేళకి తిను.

ఉంటాను

*

మేడ మీద గది,
ఎండలు మొదలు

వదినా,

జెల్లీ చేపలు తగిలితే ఒళ్లంతా మంటలని ఒక పేరాలో రాశావు. రోజూ నల్లరాయి దాకా ఈదుతున్నానని దాని పైపేరాలో రాశావు. జెల్లీ చేపలు నీకేమైనా చుట్టాలా? నన్ను రావద్దనడానికి ఒక్క కారణం రాసి ఉంటే నమ్మేదాన్ని. మూడు రాశావు, అక్కడే దొరికిపోయావు. ఇంతకు ముందు నీకు అబద్ధం ఆడటం వచ్చేది కాదు, ఇప్పుడూ రాలేదు.

సెలవు వెనక్కి ఇచ్చేశాను. రావద్దన్న చోటికి రాను. అభిమానం నాకూ ఉంది.

అలాగని నేనూ పూర్తిగా శుద్ధపూసని కాదు. పోయిన ఉత్తరంలో అన్నయ్య ఆలస్యంగా వస్తున్నాడని రాసి ఊరుకున్నాను. ఎందుకో రాయలేదు. రాస్తే నువ్వేమైపోతావో అని భయం. ఇప్పుడు ఎలాగూ కోపంలో ఉన్నాను కాబట్టి రాసేస్తాను. అన్నయ్య మళ్లీ పెళ్లి చేసుకుంటున్నాడు. రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు, అంతే, హడావిడేం లేదు. ఆవిడ స్టేషన్‌లో అనౌన్సరు. రైలు ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తోందో మైకులో చెబుతుంది. పార్సెల్ ఆఫీసు కిటికీ ఆవిడ గదికి ఎదురుగా ఉంటుందట. అన్నయ్య ఎలా మాట్లాడాడో, ఏం మాట్లాడాడో నాకు తెలియదు. ఇంట్లో నువ్వుండగా మన ముగ్గురి మధ్యా మాట్లాడింది ఎప్పుడూ మనిద్దరమే కదా.

ఒకసారి టీకి వచ్చింది. స్టేషన్‌లో అందరూ ఆవిణ్ణి మైకమ్మ అంటారట. నవ్వుతూ చెప్పింది. నాకంటే రెండేళ్లు చిన్నదనుకుంటా. చెడ్డ మనిషిలా లేదు. నాకు అదే కష్టంగా ఉంది. కొంచెం చెడ్డగా ఉంటే ఎంత సుఖం!

అన్నయ్య పక్కకి పిలిచి, "వదిన అని పిలువు, బాగుంటుంది" అన్నాడు. నేను తిరిగొచ్చి ఆవిణ్ణి "ఏమండీ" అన్నాను, ఇంటి ఓనరుతో మాట్లాడినట్టు.

నన్నేం చెయ్యమంటావో చెప్పు. అమ్మ పోయిన ఇంట్లో పదకొండేళ్ల పిల్లని నీ చేతికి అప్పజెప్పారు. జడ వేసింది నువ్వు, తిట్టింది నువ్వు, నీళ్లంటే ఏడ్చేదాన్ని నీళ్లలోకి దింపింది నువ్వు. ఆ మాటతో నేను ఇంకొకరిని పిలిస్తే నీకేం అనిపించదా?

నీ మరదలు

*

కాపలా గది

ప్రియమైన చెల్లికి,

శుభవార్త రాసినందుకు సంతోషం. మీ అన్నయ్య మంచివాడు. మేమిద్దరం ఏనాడూ గొడవపడలేదు. గొడవపడేంత మాటలు మా మధ్య లేవు, అంతే. ఆవిడతో మాట్లాడుతున్నాడంటే మంచిదే కదా. మైకులో మాట్లాడే మనిషి కాబట్టి వినబడుతుందేమో.

వదిన అనే పిలవాలి, ఇంకేమని పిలుస్తావు? నీకు కష్టంగా ఉంటే ముందు ఒంటరిగా అని చూసుకో. నన్ను ఇకనుంచి అక్కా అని రాయి. వరసలు తిరగబడకూడదు. ఆ ఇంట్లో ఉండేదానివి నువ్వు. నీకొక మనిషి అక్కడే ఉండాలి, ఇంత దూరాన కాదు.

ఇక్కడ మొదటి గుడ్లు పగిలాయి. పిల్లలు పుట్టిన పూటే పరిగెడుతున్నాయి. పెద్ద పని ఉంది. ఉత్తరాలు కొంచెం తగ్గిద్దాం.

ఆశీస్సులతో

*

మేడ మీద గది,
హడావిడిగా

వదినా,

అక్కా అని రాయను. నీకు చెల్లెలు కావాలంటే ఇంకెవరినైనా చూసుకో.

కోపం పక్కన పెట్టి ఇది చదువు. సంతకాలు అయిపోయాయి. ఆవిడ ఎప్పుడూ సముద్రం చూడలేదట. అన్నయ్య ఇవాళ పొద్దున టిఫిన్ దగ్గర, "నాకు తెలిసిన ఒడ్డు ఒకటుంది, లాడ్జిలో గది కూడా చెప్పేశాను" అన్నాడు. ఏ లాడ్జో అడిగితే మన లాడ్జి! పైకప్పు విప్పేశారన్నావు కదా, అందులో మరి గది ఎలా దొరికింది? అది తర్వాత తేల్చుకుంటాను. ఏటా మనల్ని తీసుకెళ్లి, గదిలో పేపరు పట్టుకుని కూర్చుని, తిరిగి తీసుకొచ్చిన మనిషికి ప్రపంచంలో ఇంకో ఒడ్డు ఉంటుందని తెలిస్తే కదా!

నువ్వక్కడున్నావని చెబుదామని నోటి దాకా వచ్చింది. నీకిచ్చిన మాట అడ్డొచ్చింది. వాళ్లు ఈ గురువారమే వస్తున్నారు. ఈ ఉత్తరం అంతకంటే ముందు చేరే దారి లేదు, నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. కనీసం చేతిలో ఇది ఉంటుంది.

నేను పక్కన లేను, అదొక్కటే తట్టుకోలేకపోతున్నాను.

నీ మరదలే

*

కాపలా గది

పిల్లా,

నీ ఉత్తరమూ వాళ్లిద్దరూ ఒకే వ్యాన్‌లో దిగారు.

డ్రైవరు టీ కొట్టు దగ్గర నా చేతిలో కవరు పెట్టాడు. చింపి చదువుతున్నాను. "ఈ గురువారమే" అన్న మాట దగ్గరికి వచ్చి తలెత్తితే, మీ అన్నయ్య వ్యాన్ మెట్టు మీద నిలబడి కింద ఇసకని చూసి మొహం చిట్లిస్తున్నాడు. బూటు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు పాపం. ఎదురుపడితే ఏం మాట్లాడాలో ఏడాదిగా రిహార్సల్స్ వేసుకున్నదాన్ని, పోయి కూల్‌డ్రింకు పెట్టెల వెనక నక్కాను. కొట్టావిడ "ఏంటమ్మా, పాము గానీ వచ్చిందా" అంది. నన్ను చూడలేదు. బూట్ల నుంచి కళ్లు తిప్పితే కదా. జుట్టు నెరిసింది, నువ్వు రాయనేలేదు.

ఆ ఒక్క పూటా గదిలో ఉండి, మర్నాడు వాళ్లు తిరిగివెళ్లే దాకా బయటికి రాకూడదనుకున్నాను. కానీ గుడ్లు ఆగుతాయా? ఇవాళ తెల్లారి కర్ర పట్టుకుని బయల్దేరాను. అనుకున్నట్టే మీ అన్నయ్య గదిలో. ఆవిడొక్కతే చెప్పులు చేత్తో పట్టుకుని, నేను కట్టిన తాడు దాటి లోపలికి వెళ్లిపోయి, ఒక పరుగు పిట్ట వెంట వంగి వంగి నడుస్తోంది. పిట్ట ఒక రెక్క నేలకి ఈడుస్తూ కుంటుతోంది.

"ఏమండీ, పాపం దీని రెక్క విరిగిందండీ, పట్టుకోండి!" అని నన్ను పిలిచింది.

"విరగలేదు. కదలకుండా అక్కడే నిలబడండి" అన్నాను.

"చూడండి, ఎలా ఈడుస్తోందో!"

"నాటకం అది. మీరు దాని వెంటపడి దూరంగా పోవాలని. గుడ్లు మీ పాదాల దగ్గరున్నాయి."

అంతే, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచేసింది. కొంగలా ఒంటికాలి మీద వణుకుతూ నిలబడితే నాకు నవ్వాగలేదు. నా అడుగుల్లో అడుగు వెయ్యమని బయటికి తీసుకొచ్చి, కొమ్మతో ఇసక సర్దాను. పిట్ట శుభ్రంగా రెక్క ముడుచుకుని గుడ్ల మీద కూర్చుంది. ఆవిడ దాన్నే చూస్తూ, "ఎంత ఓపిక దీనికి" అంది. గొంతు బాగుంది. రైలు తప్పిపోయినా బాధనిపించనట్టుంటుంది.

నేనెవరో చెప్పలేదు. కాపలా మనిషిని, అంతే. ఆయనకి ఇసక పడదట, రాలేదని చెప్పింది. అలాంటివాళ్లు ఉంటారులెండి అన్నాను.

కాసేపు డాల్ఫిన్ల కోసం చూస్తూ తడి ఇసక మీద నడిచాం. ఉన్నట్టుండి అడిగింది, "మీకు ఈతొచ్చా? నాకు తేలడం మాత్రం నేర్పుతారా?" ఇప్పుడు తొందరేముంది అన్నాను. "మా ఆడపడుచు బాగా ఈదుతుందట. నాతో సరిగ్గా మాట్లాడదు. తప్పు లేదులెండి, ఆ చోట నేనున్నా మాట్లాడను. నీళ్లలోనైనా పక్కన ఉండనిస్తుందేమోనని" అంది.

నీకోసమే! నీ పక్కన చోటు కోసం అడిగిందే పిల్లా. కాదని ఎలా అంటాను?

దింపాను. నడుము లోతులో వీపు కింద చెయ్యి పెట్టాను. నీకు చెప్పినట్టే చెప్పాను, నీళ్లని నమ్మక్కర్లేదు, వీపుని నమ్మమని. మెడ బిగించేస్తుంటే, మా మరదలూ ఇలాగే బిగించేది అని నోరు జారాను. కళ్లు మూసుకుని తేలింది. చెయ్యి తీసేశాను. తేలుతూనే ఉంది.

నీకు ఒక నిజం చెప్పాలి. రోజూ నల్లరాయి దాకా ఈదుతున్నానని రాశాను కదా. ఏడాదిగా ఒక్కసారి కూడా నీళ్లలో దిగలేదు. రోజూ అంచు దాకా వెళ్తాను, పాదాలు తడుస్తాయి, పక్కకి చూస్తాను, వెనక్కి వచ్చేస్తాను. ఇవాళే మొదటిసారి దిగడం.

ఆ అమ్మాయి మంచిది. మాట్లాడు.

ఉంటాను

*

మేడ మీద గది

వదినా,

నాకు రావద్దని రాసి, ఆవిడ వీపు కింద చెయ్యి పెట్టావా?

చదివి ఉత్తరం ఉండ చుట్టి విసిరేశాను. మళ్లీ తీసి చదివాను. ఇవాళ ల్యాబ్‌లో ఒక దవడ అచ్చు చేతిలోనే విరిచేశాను. మా డాక్టరు టీ తెప్పించాడు.

ఆవిడ మంచిదని నువ్వు నాకు సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదు. నాకు కళ్లున్నాయి. వచ్చినప్పటి నుంచి ముక్కు మీద తోలు ఊడిపోయి, ఎంతో సంతోషంగా తిరుగుతోంది. వంటింట్లో నిలబడి నాకు పరుగు పిట్ట నాటకం చేసి చూపించింది, చెయ్యి ఈడ్చుకుంటూ. నాకు! ఆ పిట్టలకి పేరు పెట్టిందే నేను! నవ్వాను కూడా, ఛీ. నవ్వి పైకొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

నువ్వు నీళ్లలో దిగలేదని రాశావు. నా వల్ల అన్నట్టు రాశావు. మరి అలాంటప్పుడు రమ్మని ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది? వ్యాన్ ఎక్కి వచ్చేసేదాన్ని కదా. నేనూ ఏడాదిగా ఈత కొట్టలేదు. మా వీధి చివర ఈత కొలనుంది, డబ్బులిస్తే ఎవరైనా దిగొచ్చు. దాని ముందు నుంచే రోజూ పనికి వెళ్తాను. లోపలి నుంచి పిల్లల కేకలు వినబడతాయి. నడక వేగం పెంచేస్తాను.

నాకు సాకులొద్దు. పిట్టలూ పైకప్పులూ జెల్లీ చేపలూ వద్దు. నన్నెందుకు రావద్దన్నావో ఒక్కటి, నిజం, రాయి. లేదంటే ఇక రాయకు.

సంతకం చెయ్యను

*

కాపలా గది

నా తల్లీ,

నిజం అడిగావు కాబట్టి రాస్తున్నాను.

నువ్వు వస్తే వారం ఉంటావు. పొద్దున్నే నాకంటే ముందు లేచి తలుపు తీస్తావు. టీలో పంచదార ఎక్కువ వేస్తావు. నడుస్తూ కనబడిన ప్రతి గవ్వా ఏరి నా జేబులో పోస్తావు. తర్వాత వెళ్లిపోతావు. నేను వ్యాన్ దాకా వచ్చి, నిన్ను ఎక్కించి, చెయ్యి ఊపి, ఈ గదికి తిరిగి రావాలి. ఆ నడక నేను నడవలేను. మీ అన్నయ్యని వదిలిపెట్టి రావడం నాకు కష్టం కాలేదు, పెట్టె సర్దుకున్నాను, వచ్చేశాను. నీ గది ముందు నుంచి మెట్లు దిగడానికి మాత్రం ప్రాణం పోయినంత పనైంది. రెండోసారి నా వల్ల కాదు.

ఇంకోటి కూడా ఉంది. విడాకుల కాగితం మీద సంతకం చేసిన రోజు కోర్టు గుమాస్తా "ఇక మీకు ఆ కుటుంబంతో ఏ సంబంధం లేదు" అని చదివి వినిపించాడు. ఆయన మామూలుగా చదివేశాడు. నేను ఇంటికి నడుస్తూ లెక్క వేసుకున్నాను. మీ అన్నయ్య ద్వారా నువ్వు నాకు మరదలివి. ఆయనే లేకపోతే నువ్వు నాకేమవుతావు? ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి? కన్నదాన్ని కాదు, తోడబుట్టినదాన్ని కాదు. నిన్ను చూడాలని ఉంది అనడానికి నాకు హక్కేముంది? అందుకే మెల్లగా దూరం జరుగుదామనుకున్నాను. నువ్వు ఆ ఇంటి మనిషితో కలిసిపోతే నీకు బాగుంటుందనుకున్నాను.

చాతకాలేదు. గురువారం వస్తే చాలు, పని మానేసి టీ కొట్టు దగ్గర నిలబడతాను.

నువ్వు కోపంగా ఉన్నా రాయి. తిట్టినా రాయి. కానీ రావద్దు. అడుగుతున్నాను.

ఉంటాను

*

మేడ మీద గది

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ల్యాబ్ నుంచి రాగానే గది తలుపేసుకున్నాను. మూడో రోజు మైకమ్మ తలుపు కొట్టింది. "కొలనుకి వెళ్తున్నాను, ఒంటరిగా భయమేస్తోంది, గట్టు మీద కూర్చుంటే చాలు" అంది. ఎందుకో వెళ్లాను. గట్టు మీదే కూర్చుందామనుకున్నాను. ఆవిడ నీళ్లలో దిగి, మెడ బిగించి, తనలో తనే గొణుక్కుంటోంది, "నీళ్లని నమ్మక్కర్లేదు, వీపుని నమ్ము" అని. నీ మాట, నీ విరుపుతో సహా. బట్టలతోనే దూకేశాను వదినా. గార్డు విజిలేశాడు.

ఇద్దరం గట్టు పట్టుకుని వేలాడుతుంటే అడిగింది, "నీకు ఈత ఎవరు నేర్పారు?" అని.

"మా వదిన" అన్నాను. నాలిక కరుచుకున్నాను.

తను కంగారుపడలేదు. "అక్కడ పిట్టల్ని కాస్తూ ఉంటుంది, ఆవిడేనా?" అంది. మా మరదలూ ఇలాగే బిగించేది అన్నావట కదా, అప్పుడే అనుమానమొచ్చిందట. ఇంటికొచ్చాక అన్నయ్య మాటల్లో నేను మెడ బిగించే సంగతి విని ఖాయం చేసుకుందట. ఎందుకు అడగలేదంటే, "ఆవిడ చెప్పకూడదనుకుంది, నేనెందుకు అడగాలి?" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిణ్ణి ఏమని పిలవాలో తెలియడం లేదు, నోరు రావడం లేదు, క్షమించమన్నాను. ఆవిడ మొహం మీది నీళ్లు తుడుచుకుని, "ఆ పిలుపు ఆవిడది, నాకెందుకు? నన్ను పేరు పెట్టి పిలువు. స్టేషన్‌లో మైకమ్మ, మీ అన్నయ్యకి ఏమోయ్. నా పేరు ఎవరైనా పిలిచి ఎన్నాళ్లయిందో" అంది. అక్కడే, నీళ్లలోనే పిలిచాను. చటుక్కున నా వైపు తిరిగింది. మొహం చిన్నపిల్ల మొహమైపోయింది.

అన్నయ్యకి నేనే చెప్పాను, నువ్వక్కడున్నావని. మాట తప్పాను, తిట్టుకో. పేపరు కిందికి దించాడు. "బాగుందా?" అన్నాడు. బాగుంది అన్నాను. "గాలి ఎక్కువ అక్కడ, దుప్పటి తీసుకెళ్లు" అని మళ్లీ పేపరు ఎత్తేశాడు. నేను వెళ్తున్నానని నేను అనలేదు.

ఇక నీ లెక్క సంగతి. అన్నయ్య ద్వారా నేను నీకు మరదల్ని, ఆయన లేకపోతే నేనేమీ కాను అని రాశావు. తప్పు లెక్క. నువ్వు పెళ్లాడి వచ్చింది అన్నయ్యనేమో గానీ, పెంచింది నన్ను. ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలో నాకు తెలుసు. మా డాక్టరుకి ఎప్పుడో చెప్పాను, నిన్న కొలను గార్డుకీ చెప్పాను. నువ్వు హక్కు గురించి ఆలోచిస్తూ కూర్చో. నాకు నువ్వు కావాలి, నాకు ఆ ఒక్క ముక్కే తెలుసు.

నన్ను వ్యాన్ ఎక్కించి వెనక్కి నడవలేనన్నావు. నడవద్దు. నువ్వు ఒడ్డునే ఉండు, నేనొక్కదాన్నే వ్యాన్ దాకా వెళ్తాను. ఏడ్చుకుంటూ వెళ్తాను, మళ్లీ సెలవు దొరకగానే వస్తాను, మళ్లీ ఏడ్చుకుంటూ వెళ్తాను. అలవాటైపోతుంది. కాకపోతే ఇద్దరం కలిసి ఏడుద్దాం, ఇన్నాళ్లూ విడివిడిగా ఏడ్చి ఏం బాగుపడ్డాం?

ఈ గురువారం తర్వాతి గురువారం వస్తున్నాను. ఇది చదివి నువ్వు తెల్లారి వ్యాన్‌లో రావద్దని రాస్తావు, తెలుసు. ఆ ఉత్తరం వచ్చేసరికి చదవడానికి ఇంట్లో నేనుండను. పళ్లు బిగించే పని మీద పై ఊరి ఆసుపత్రికి పంపిస్తున్నాడు మా డాక్టరు, వెనక్కిచ్చిన సెలవు మళ్లీ తీసుకుని అట్నుంచి అటే నీ దగ్గరికి.

రాసుకో. నిన్ను చూశాక చదువుకుంటాను.

నీ మరదలు